ఖాళీగా దిగిన రైలు

మా ఈడువాళ్లం ఉద్యోగాల్లో చేరే నాటికి రైల్వే అన్న మాటకి ఒక బరువుండేది. రైల్వే కుర్రాడంటే పిల్లనిచ్చేవాళ్లు కుర్చీ తుడిచి మరీ వేసేవారు. నాకు ఆ పేరు వచ్చింది గాని, పేరుకి తగ్గ రైలు మాత్రం రాలేదు. నేను పనిచేసిన లైనులో పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. మనిషి కొంచెం కాళ్లు చాపితే ఈ పట్టా మీద ఒక పాదం, ఆ పట్టా మీద ఒక పాదం వేసి నిలబడొచ్చు (నేను నిలబడ్డాను, ఎవరూ చూడనప్పుడు). దేశంలో ఇలాంటి బుల్లి లైన్లు అప్పట్లో చాలా చోట్ల ఉండేవి. కొన్ని చలవ కొండల మీదకి దొరల్ని మోశాయి. కొన్ని పంచదార ఫ్యాక్టరీలకి చెరకు మోశాయి. కొన్ని అడవుల్లోంచి దుంగలు దించాయి. మనకి దగ్గర్లో నౌపడా నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు బియ్యం బస్తాల్నీ పెళ్లివాళ్లనీ ఒకే మర్యాదతో మోసేది. పెద్ద రైలు దూరలేని చోట చిన్న రైలు మేకపిల్లలా ఒళ్లు వంచుకుని దూరిపోతుంది, దాని ప్రయోజనమే అది. మాది వీటన్నిటిలోకీ చివరి వరసలోది. రాళ్లు మోసే లైను.

సీలేరు నది పక్కన, డొంకరాయికి ఎగువ కొండల్లో, ఒక చిన్న ఆనకట్ట పని జరుగుతుండేది. పైన కొండ మీద క్వారీ, కింద ఏటి ఒడ్డున ఆనకట్ట. పైనుంచి కిందకి రాళ్లు దించడానికి గుత్తేదారు ఎక్కడో ఒక పాత ఆవిరి ఇంజను కొని, దానికి ఇనప తొట్లు తగిలించాడు. ఆ లైను మీద రాకపోకలు చూడ్డానికి ఆనకట్ట డిపార్టుమెంటు వేసిన గుమస్తాని నేను. ఉద్యోగం తాత్కాలికం. ఆర్డరు కాగితం మీద నా హోదా 'ట్రాఫిక్ గుమస్తా' అని ఉండేది. మా నాన్న దాన్ని అనకాపల్లి బంధువులందరికీ 'రైల్వేలో ట్రాఫిక్' అని చెప్పాడు. అది అబద్ధం కాదు, అలాగని నిజమని చెప్పడానికీ నోరు రాదు.

నేను చిన్నప్పటి నుంచి పద్ధతి మనిషిని. రోజూ డైరీ రాసే అలవాటు అప్పటికే ఉంది. అందుచేత చేరిన వారంలోనే ఆ లైనుకి ఒక టైంటేబిలు తయారుచేసి క్వారీ దగ్గర రేకు షెడ్డుకి అంటించాను. ఎర్ర జెండా ఒకటి, పచ్చ జెండా ఒకటి కుట్టించాను. మెడలో ఈల కట్టుకున్నాను. ఈ ఏర్పాట్లన్నిటినీ డ్రైవరు మొదటి రోజు నుంచే అనుమానంగా చూశాడు. ఆయనది శ్రీకాకుళం వైపు. గుణుపురం బండి మీద చాలాకాలం బొగ్గు వేసి, తర్వాత డ్రైవరై, రిటైరయ్యాక మా గుత్తేదారు పిలిస్తే వచ్చాడు. పొద్దున్నే ఇంజను బాయిలరు నుంచి పట్టిన వేణ్ణీళ్లతో టీ పెట్టుకుని తాగేవాడు గనక క్యాంపులో అందరూ ఆయన్ని ఆవిరి మావ అనేవారు. టైంటేబిలు చదివించుకుని విని, ఆయన చాలాసేపు ఆలోచించాడు.

"రాళ్లు మోసే బండికి టైమేటి బాబూ? ఈ రాళ్లేటి, పెళ్లికెళ్తన్నాయా?"

"టైమంటూ ఉంటేనే మావా అది రైలు. లేకపోతే ఎడ్లబండే."

"ఎడ్లబండికైతే ఎడ్లకి ఆకలేసే టైముంటాది. అది నికరమైన టైము."

ఆ రోజు నుంచి నన్ను 'ఇస్టేసను మాస్టారూ' అని పిలవడం మొదలుపెట్టాడు. స్టేషను లేని స్టేషను మాస్టరుని దేశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఈల ఊదినప్పుడల్లా 'ఎవుల కోసం ఊత్తన్నావు మాస్టారూ, ఎవులెక్కుతారని?' అని అడిగేవాడు. నేను జెండా ఊపేవాణ్ణి.

లైను సగం దూరంలో ఒక మలుపు ఉంది. ఆ మలుపు పైన కొండవాళ్ల గూడెం. కాఫీ మొక్కలూ, సామల చేలూ, పనస చెట్లూ. గూడెం ఆడవాళ్లు మా ఇంజనుకి నల్లన్న అని పేరు పెట్టారు. అది వాళ్లకి యంత్రం కాదు. రోజూ పొద్దున్నే ఖాళీ తొట్లతో కొండెక్కి, ఏదో ఒకటి మోసుకుని దిగే పనిమంతుడు. కొత్తగా పెళ్లయిన మొగుడు పనికి బద్ధకిస్తే 'నల్లన్నని సూసి నేర్సుకో' అని దెప్పేవారట. వాళ్లలో ఒకామె, నాకంటే కాస్త పెద్దది, గొంతు బాగా హెచ్చు. మలుపు దగ్గర చింతపండు ఎండబెట్టుకుంటూ రైలు వచ్చినప్పుడల్లా ఏదో ఒక మాట విసిరేది. నేను జెండాతో నిటారుగా నిలబడి వెళ్తుంటే, 'ఆ బక్కోడెందుకు, నల్లన్నకి దారి తెలీదా?' అని పక్కవాళ్లని అడిగేది. మా క్యాంపులో ఆమెకి చింతపండు అక్క అని పేరు.

ఇలా ఉండగా ఒక కబురు వచ్చింది. ఈ రైలు తీసేసి లారీల రోడ్డు వేస్తే ఎలా ఉంటుందో తేల్చడానికి మా డిపార్టుమెంటు పెద్దింజనీరు గారు స్వయంగా వస్తున్నారని. రైలు ఉంటే నా ఉద్యోగం పర్మినెంటయ్యే దారి ఉంది. రైలు పోతే నేనూ దాంతోపాటే. అదొక్కటే అయితే ఇంకో ఉద్యోగం వెతుక్కునేవాణ్ణి. కానీ అప్పటికే చోడవరంలో ఒక సంబంధం మాట్లాడి ఉంది. పిల్ల తండ్రి 'రైల్వే పర్మినెంటు కాగితం చేతికి రానీండి, ముహూర్తం పెట్టుకుందాం' అన్నాడు. నేను పిల్లని చూసి వచ్చాను. ఆ అమ్మాయి నన్ను ఒకే ఒక ప్రశ్న అడిగింది. 'మీ రైలు ఎక్కడ ఆగుతుంది?' అని. ఆ ప్రశ్నకి నేనిచ్చిన జవాబు ఇప్పుడు గుర్తులేదు. డైరీలో కూడా రాయలేదు, అంటే మంచి జవాబు అయ్యుండదు.

పెద్దింజనీరు గారి గురించి ముందే వినికిడి. ఇస్త్రీ మడత నలగని తెల్ల ప్యాంటు వేసుకుంటారు, నవ్వరు, రెండోసారి చెప్పరు. అలాంటి మనిషి ముందు మన లైను అసలు సిసలు రైల్వేలా కనపడాలని నేను నిశ్చయించుకున్నాను. ఆయన జీపు క్వారీ దాకా వస్తుంది. అక్కణ్ణుంచి ఆనకట్ట దాకా రైల్లో తీసుకెళ్లాలి, అక్కడ గుత్తేదారు మనుషులు పూలదండతో సిద్ధంగా ఉంటారు. ముందు రోజు సాయంత్రం తొట్లన్నీ కడిగించి, అంచులకి సున్నం వేయించాను. మొదటి తొట్లో దుప్పటి పరిచి, షెడ్డులోని ఒక్కగానొక్క చేతుల కుర్చీ వేయించి, పైన తాటాకు పందిరి కట్టించాను.

"ఏటి సేత్తన్నావు మాస్టారూ, తొట్లకి తలంటా?" అన్నాడు ఆవిరి మావ.

"రేపు ఒక్క రాయి కూడా కనపడకూడదు మావా. మొత్తం ఖాళీగా, శుభ్రంగా దిగాలి."

"రాళ్ల బండిలో రాళ్లుంటే తప్పేటి?"

"పెద్దాయన వెనకాల రాళ్లు దొర్లుకుంటూ వస్తే ఏం మర్యాద?"

అదే సాయంత్రం మలుపు దగ్గర చింతపండు అక్క కనిపించింది. గూడెంలో సందడిగా ఉంది. డప్పులు వేడి చేస్తున్నారు. ఆవిరి మావ ఇంజను నెమ్మది చేశాడు. 'బాబూ, రేపు మా ఇటికల పండగ. మగోల్లందరూ ఏటకెల్లి ఒత్తారు. నల్లన్న కూడా బేగి రావాల. ఏటి తెత్తాడో సూత్తాం' అంది. నేను ఆ మాటని శుభాకాంక్షగా తీసుకుని, పచ్చ జెండా ఒకసారి ఊపి, 'రేపు పెద్దాయన్ని తెస్తాడు' అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు ఎందుకో కనుక్కోవలసింది. టైంటేబిల్లో దానికి చోటు లేదు.

ఇటికల పండగ గురించి ఇక్కడ చెప్పాలి. చైత్రమాసంలో వస్తుంది. ఆ రోజుల్లో మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకి వెళ్లేవారు. ఆడవాళ్లు దారులకి అడ్డంగా వెదురుగడ కట్టి, వచ్చేపోయేవాళ్లని ఆపి 'పజోరు' అనే పండగ మామూలు తీసుకునేవారు. ఇంతవరకు నాకూ తెలుసు, జేబులో చిల్లర కూడా వేసుకున్నాను. తెలియనిది రెండో సగం. వేటకెళ్లిన మగవాడు జంతువు ఏదన్నా తెస్తే ఊరంతా ఊరేగింపు. ఉత్త చేతుల్తో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు పోసి, నోటికొచ్చినట్టు ఆడిపోసుకుని, ఆ తర్వాతే ఊళ్లోకి రానిస్తారు. ఏడాదంతా రాళ్లతో దిగిన నల్లన్నని, సరిగ్గా ఆ ఒక్కరోజు, కడిగించి సున్నం వేయించి మరీ, ఖాళీగా దించుతున్నవాణ్ణి నేను.

మర్నాడు పెద్దింజనీరు గారు చెప్పిన వేళకే వచ్చారు. తెల్ల ప్యాంటు, నల్ల కళ్లద్దాలు. పందిరినీ కుర్చీనీ ఒకసారి చూసి, ఎక్కి కూర్చున్నారు. నేను ఆయన ముందు, తొట్టి అంచు పట్టుకుని, రెండు జెండాలతో నిలబడ్డాను. ఈల ఊదాను. రైలు కదిలింది. లైను గురించి నేను కంఠతా పట్టిన వివరాలు చెప్పడం మొదలుపెట్టాను. పెట్టుబడి తక్కువ, మలుపులు సులువు, వానాకాలం లారీలు దిగబడినా రైలు దిగబడదు. ఆయన 'ఊఁ' అన్నారు. ఆ 'ఊఁ'తో నాకు చోడవరంలో బాజాలు వినిపించాయి.

నిజానికి వినిపించినవి డప్పులు. మలుపు తిరిగేసరికి పట్టాలకి అడ్డంగా వెదురుగడ కట్టి ఉంది. దాని వెనక గూడెం ఆడవాళ్లందరూ ఉన్నారు. నేను జేబులో చిల్లర సంగతి మరిచిపోయి ఎర్ర జెండా ఎత్తి ఊపాను. ఎదుటివాళ్లు ఆగాలని నా ఉద్దేశం. పండగ పూట రంగు గుడ్డ ఊపితే ఇంకా హుషారొస్తుందని నాకు తట్టలేదు. వాళ్లు కేరింతలు కొట్టి ఇంకాస్త ముందుకి వచ్చారు. ఆవిరి మావ ఇంజను ఆపేశాడు.

"ఆపావేం మావా?"

"ఆడోళ్లు పట్టాల మీద నిలబడితే మెయిలైనా ఆగాల బాబూ. నీ టైంటేబిల్లో లేదా?"

చింతపండు అక్క తొట్లన్నీ వరసగా ఒక్కొక్కటే తొంగి చూసుకుంటూ వచ్చింది. చివరి తొట్టి దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, నడుం మీద చేతులు వేసుకుని అందరికీ వినపడేలా అంది. 'ఉత్త సేతులే. నల్లన్న ఉత్త సేతుల్తో దిగినాడు.' అంతే. ఎవరి చేతిలో ఏ కుండ ఉందో నేను చూసుకునే లోపలే పేడనీళ్లు ఇంజను మీద పడ్డాయి, సున్నం వేసిన తొట్ల మీద పడ్డాయి, తాటాకు పందిరి మీద పడ్డాయి. అందులోంచి కారినవి పెద్దింజనీరు గారి మీద పడ్డాయి. తెల్ల ప్యాంటు మోకాళ్ల దాకా పచ్చబడింది. నా మీద పడినదానికి లెక్కలేదు. 'ఏడాదంతా రాయి తెచ్చినోడివి, పండగ పూట సిగ్గు లేదా' అని ఇంజనుని తిడుతున్నారు. ఇంజను బుస్సుమంటోంది. ఆవిరి మావ పైకి ఎక్కి బొగ్గుకుప్ప వెనక కూర్చున్నాడు.

నేను 'ఖాళీ ఏమిటి, పెద్దాయన్ని తెచ్చాం కదా' అన్నాను. చింతపండు అక్క పెద్దింజనీరు గారిని కింది నుంచి పైకి చూసింది.

"ఈయన్నెవులు పట్టినారు? ఈయనే ఎక్కొచ్చినాడు. ఎక్కొచ్చిందాన్ని ఏట అంటారేటి?"

నా ఉద్యోగం, చోడవరం, ముహూర్తం అన్నీ పేడనీళ్లతోపాటు తొట్టి అడుగుకి చేరుతున్నాయని నాకు అర్థమైంది. ఇక చెయ్యగలిగింది ఒక్కటే అనిపించి, రెండో పక్క నుంచి దిగి అడవిలోకి పోదామని తొట్టి అంచు మీద కాలు వేశాను. వెనక నుంచి ఎవరో చొక్కా కాలరు పట్టుకున్నారు. పెద్దింజనీరు గారు. ఎడమ చేత్తో కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, కుడి చేత్తో నన్ను అలాగే పట్టుకుని, ఎప్పటి గొంతుతోనే చింతపండు అక్కని అడిగారు.

"పారిపోతున్నదాన్ని పట్టుకుంటే అది వేటేనా అమ్మా?"

"పట్టుకుంటే ఏటే."

"మరి వీడు పారిపోతున్నాడు. నేను పట్టుకున్నాను."

ఆడవాళ్లు తొట్టి చుట్టూ మూగారు. తర్వాత పంచాయితీ మొదలైంది. నన్ను కిందకి దింపి చుట్టూ తిరిగి చూశారు. 'ఇదేటి జంతువు?' అని ఒకామె. 'దుప్పి' అని ఇంకొకామె. 'దుప్పికి కండుంటాది, ఇది కొండగొర్రి' అని మరొకామె. 'ఒండితే పులుసే, ముక్క ఉండదు' అని ఒక ముసలామె నా చెయ్యి నొక్కి చూసి పెదవి విరిచింది. చివరికి బక్క దుప్పి అని తేల్చారు. దొరికిన వేట చిన్నదైనా వేటే గనక నల్లన్న మీద కోపం పోయింది. అడ్డంగా కట్టిన వెదురుగడే విప్పి, వేట జంతువుని మోసే పద్ధతిలో నన్ను దానికి వేలాడదీశారు. చేతులకి నా పచ్చ జెండా, కాళ్లకి నా ఎర్ర జెండా కట్టారు. కట్టింది పేరుకే, పడకుండా గడని పట్టుకు వేలాడింది నేనే. ముందు డప్పులు, తర్వాత గడ మీద నేను, నా వెనక నల్లన్న, తొట్లో పెద్దింజనీరు గారు. ఊరేగింపు పట్టాల మీదుగానే ఆనకట్ట దాకా సాగింది. తలకిందులుగా చూస్తే కొండలు చాలా బాగున్నాయి. దారిలో ఆవిరి మావ నా వైపు వంగి, 'మాస్టారూ, టైముకెల్తన్నామా?' అని అడిగాడు.

ఆనకట్ట దగ్గర గుత్తేదారు పూలదండ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా వస్తున్నదేమిటో ఆయనకి అర్థం కాలేదు. దండ ఎవరికి వెయ్యాలో తోచక చూస్తుంటే, పెద్దింజనీరు గారు తొట్లోంచి దిగి, పచ్చ ప్యాంటు దులుపుకుని, 'ముందు వేటకి వెయ్యండి, అది పద్ధతి' అన్నారు. వేశారు. వేలాడుతున్నవాడి మెడలో దండ నిలవదు, నా ముఖం మీదకి జారింది. అది ఒక విధంగా మంచిదే అయింది.

నన్ను విప్పాక చింతపండు అక్క ఇంకో పేచీ పెట్టింది. వేటలో ఊరికి సగం వాటా ఉంటుందట. పెద్దింజనీరు గారు ఆలోచించి, 'కోస్తే రెండు వైపులా నష్టం. మీ వాటా ఇక్కడే ఉంచుతాను. ఏటా పండక్కి వచ్చి కనపడతాడు' అని ఒప్పించారు. తర్వాత నన్ను పక్కకి పిలిచారు. ఉద్యోగం పోయిందన్న మాట నిలబడి వినాలని సిద్ధపడ్డాను.

"లారీ ఖాళీగా వస్తే వీళ్లు ఏం చేస్తారు?" అని అడిగారు.

"ఏమీ చెయ్యరండి. పజోరు తీసుకుని వదిలేస్తారు."

"అదే. రైలుని మాత్రం మనిషిలా చూసుకుంటున్నారు. ఊరివాళ్లు తమ మనిషి అనుకున్న లైను మీద ఎవడూ పట్టాల్ని కలిపే ఫిష్‌ప్లేట్లు ఊడదీసి అమ్ముకోడు. ఉండనీ." ఇంకాస్త ఆగి, "నిన్ను తీసేస్తే వాళ్ల వాటా నేనివ్వలేను. నువ్వూ ఉండు" అన్నారు. నవ్వలేదు. రెండోసారి చెప్పలేదు. కాగితం మాత్రం నెలాఖరుకి వచ్చింది.

ఆ రోజు నా డైరీలో 'రైలు ఆలస్యం. కారణం: పండగ' అని మాత్రమే ఉంది. టైంటేబిలు అడుగున ఒక కొత్త నియమం చేర్చాను. 'ఇటికల పండగ దినములలో ఖాళీ బండి దింపరాదు.' నా రైల్వే జీవితంలో ఎవరూ వెక్కిరించకుండా అమలు చేసిన నియమం అదొక్కటే. పండగ రోజున ఆవిరి మావ ప్రతి తొట్లో ఒక్కో రాయి తనే వేసేవాడు. నేను కూడా మాట ప్రకారం వెళ్లి కనపడేవాణ్ణి. పెళ్లయ్యాక మొదటి పండక్కి మా ఆవిణ్ణి తీసుకెళ్తే, చింతపండు అక్క ఆమె చెయ్యి పట్టుకుని, 'సగం మాది, గుర్తెట్టుకో' అంది. మా ఆవిడ ఏం అర్థం చేసుకుందో గాని తల ఊపింది. మా మావగారికి మాత్రం చివరి దాకా ఆ రైలు చూపించలేదు.

ఆనకట్ట పూర్తయ్యాక పట్టాలు పీకేశారు. నల్లన్నని ముక్కలు చెయ్యకుండానే, చిత్రంగా, ఒక లారీ మీదకి ఎక్కించి మైదానానికి పంపారు. ఆ రోజు గూడెం ఆడవాళ్లు మలుపు దగ్గర నిలబడ్డారు. లారీ ఆపించి, చింతపండు అక్క పైకెక్కి, డ్రైవరు నిలబడే చోట ఒక చిన్న సామల మూట పెట్టి దిగింది. ఎందుకని అడిగాను. 'ఊరు దాటి ఎల్తన్నాడు. ఉత్త సేతుల్తో ఎలా పంపుతాం?' అంది. ఆవిరి మావ ఆ రోజు నన్ను మాస్టారూ అనలేదు. లారీ కనుమరుగయ్యాక నా దగ్గరికొచ్చి, 'ఒకసారి ఊదు బాబూ' అన్నాడు. ఊదాను.

గుణుపురం లైను కూడా ఇప్పుడు వెడల్పైపోయింది. ఈ మధ్య మా ఆవిడ సరదా పడితే అద్దె కారులో అరకు వెళ్లాం. అక్కడ తోటలో పిల్లల కోసం నడిపే బొమ్మ రైలు ఎక్కి ఒక చుట్టు తిరిగాను. పట్టాలు మా లైనుకంటే ఇరుకు. డ్రైవరుకి టైంటేబిలు ఏమీ లేదు, సీట్లు నిండితే కదులుతాడు. తిరిగి వస్తుంటే అనంతగిరి దాటే చోట రోడ్డుకి అడ్డంగా వెదురుగడ కనిపించింది. చైత్రమని నాకు గుర్తే లేదు. వేట ఇప్పుడు లేదు, పండగ ఉంది. ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు కారు అద్దం దగ్గరికి వచ్చి 'పజోరు తాతా, స్కాన్ సేస్తావా?' అని ఫోను చూపించారు. ఇచ్చాను. ఇచ్చి ఊరుకోకుండా అడిగాను, 'ఉత్త చేతుల్తో వచ్చినవాళ్ల మీద పేడనీళ్లు పోస్తున్నారా, మానేశారా?' అని.

"కార్లోల్ల మీద పోస్తే కేసెడతారు తాతా" అంది ఒక గుంట నవ్వుతూ.

రోడ్డు పక్కన గొడుగు కింద ఒక ముసలామె కూర్చుని ఉంది. నాకు పరిచయం లేని మనిషి. కానీ నా ప్రశ్న విని తల ఎత్తి, 'నువ్వేటి తెచ్చినావు?' అని అడిగింది. జవాబు చెప్పాలని తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను. మా ఆవిడ 'ఎక్కడికి, ఎండలో' అంటూ వెనక నుంచి నా చొక్కా కాలరు పట్టుకుంది. ముసలామె ఒకసారి నన్ను చూసింది, కాలరు మీది చెయ్యి చూసింది. తర్వాత పిల్లల వైపు తిరిగి చెయ్యి ఊపింది.

"ఎత్తండే గడ. ఈయమ్మకి ఏట దొరికింది. ముదురు దుప్పి, ఎంత ఒండినా ఉడకదు. పోనీండి."

గడ లేచింది. కారు కొంత దూరం వచ్చాక మా ఆవిడ 'ఏమందావిడ?' అని అడిగింది. మర్యాదగా పొమ్మంది అని చెప్పాను. కాలరు మీద చెయ్యి అప్పటికీ అలాగే ఉంది, నేను తియ్యమనలేదు. ఇంటికొచ్చాక డైరీ తీసి 'ప్రయాణం ఆలస్యం. కారణం: పండగ' అని రాసుకున్నాను. మాట మార్చవలసిన అవసరం కనపడలేదు.